దేవుడికి తప్ప ఎవరికీ

మా ఇంట్లో ఉప్పు నిండుకున్నా ముందు దేవుడికే చెప్పాలి. పక్కింటావిడకి చెప్పకూడదు. ఇది మా మామగారు పెట్టిన నియమం. ఆయన పోయి పద్నాలుగేళ్లయినా నియమం మాత్రం చెక్కుచెదరలేదు. "మనకేం కావాలో అడగకముందే పరలోకపు తండ్రికి తెలుసు. ఆయనకి చెప్పుకున్నాక మళ్లీ మనిషి దగ్గర చెయ్యి చాపితే, ఆయన చాలడన్నట్టు కదా" అనేవారు. పెళ్లయిన కొత్తలో ఆ మాట విని నేను పొంగిపోయాను. ఉప్పు లేని కూర రెండు పూటలు తిన్నాక పొంగు కాస్త తగ్గింది.

మామగారు త్రాసులు బాగుచేసే మేస్త్రి. ఆదివారాలు చర్చిలో వాక్యం చెప్పేవారు. ఆయన ఇద్దరు కొడుకుల్లో పెద్దవాడైన మా ఆయనకి ఆ పనీ వచ్చింది, ఆ నియమమూ వచ్చింది. చిన్నవాడు, అంటే మా మరిది, త్రాసుల జోలికి పోలేదు. రొట్టెల ఫ్యాక్టరీలో వ్యాను నడుపుతాడు. నియమం మాత్రం అతనికీ వంటబట్టిందనే అందరం అనుకున్నాం.

మా ఆయన్ని బజారంతా 'సరితూకం' అని పిలుస్తారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆయనకి ఆ సంగతి తెలుసు. పైకి తెలియనట్టుంటారు, లోపల మురిసిపోతారు. దుకాణాల త్రాసులు విప్పి, తుడిచి, ముల్లు నిలబెట్టి, తూకపు గుండు అడుగున ఉన్న చిల్లులో సీసం పోసి తేడా సరిచేస్తారు. పది గ్రాముల తేడా కూడా ఆయన అరచేతికి తెలుస్తుంది. అబద్ధం ఆడరు. ఎంతలా ఆడరంటే, కిడ్నీలు రెండూ చెడిపోయి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తూ, అడిగినవాళ్లకి "హాస్పిటల్లో పనుంది" అని చెప్పేవారు. మొదటి రోజే అక్కడ రోగుల్ని తూచే మిషను మూడు వందల గ్రాములు ఎక్కువ చూపిస్తోందని కనిపెట్టి, నర్సుతో వాదించి, నేల మీద బోర్లా పడుకుని దాన్ని సరిచేశారు. కాబట్టి పని ఉన్నట్టే కదా! ఎనిమిది నెలలు ఆ ఒక్క మరమ్మతు మీదే మా సంసారం నిజాయితీగా నడిచింది.

మొదట్లో నాకూ నవ్వొచ్చేది. తర్వాత రాలేదు. సూదులు గుచ్చడానికి ఎడమచేతిలో కలిపి కుట్టిన నరం మూసుకుపోయింది. తర్వాత కుడిచేతిదీ అంతే అయింది. చివరికి మెడ కింద గొట్టం పెట్టారు. చొక్కా పై బొత్తం కూడా పెట్టుకుని దాన్ని దాచేవారు. ఆ గొట్టానికి రెండుసార్లు చీము పట్టింది. రెండుసార్లూ మంచం ఊగేలా వణికారు. రెండోసారి జ్వరం తగ్గాక డాక్టరమ్మ మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఈ గొట్టం కూడా పనికిరాకుండా పోతే ఇంకో దారి దొరకడం కష్టం. మీ చేతిలో ఉన్నవి నెలలు, ఏళ్లు కాదు. కిడ్నీ మార్చాల్సిందే. ఇంట్లోవాళ్లు ఎవరైనా ఇవ్వగలరా?"

నేను అప్పటికే పరీక్ష చేయించుకున్నాను. నాది బి గ్రూపు, ఆయనది ఓ. పనికిరాదన్నారు. పైగా నాకు షుగర్ ఉందని కూడా అదే రోజు బయటపడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. పిల్లలు లేరు.

"తోబుట్టువులు ఉన్నారా?" అంది డాక్టరమ్మ.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన "అన్నీ దేవుడికి తెలుసమ్మా" అన్నారు.

"ఆయనకి తెలిస్తే మంచిదే. నాకూ తెలియాలి కదండీ" అందావిడ. నాకు ఆవిడ చేతులు పట్టుకోవాలనిపించింది.

బస్టాపులో నేను ఊరుకోలేదు. "మీ తమ్ముడిది కూడా ఓ గ్రూపే. లైసెన్సు మీద రాసుంది. నేను చూశాను."

"చూస్తే?"

"అడగండి."

"అడగను."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు."

"అమ్మ పెట్టదేమో. తండ్రి పెడతాడు" అని బస్సు వచ్చే వైపు చూస్తూ నిలబడ్డారు. ఆయనతో వాదించడం అంటే గుండుని త్రాసులోంచి కాలితో తన్నడమే, దెబ్బ మనకే. వచ్చిన బస్సెక్కాను. కానీ లోపల పాత పుండు ఒకటి రేగింది. పిల్లలు లేరని మొదటి పదేళ్లూ రోజూ ఏడ్చాను. ఎవరైనా డాక్టరుకి చూపించుకుందామంటే, "దేవుడికి చెప్పాం కదా, డాక్టరుకి చెప్పడం ఎందుకు" అన్నారు. నేను లోబడ్డాను. నా వయసు దాటిపోయింది. ఆ సంగతి నేను క్షమించానని ప్రార్థనలో చాలాసార్లు చెప్పాను. క్షమించలేదు.

నాకు ఇంకో సంగతి కూడా తెలుసు. మా సంఘంలో మామగారి గురించి పదే పదే చెప్పుకునే సాక్ష్యం ఒకటి ఉంది. మా ఆయన చిన్నప్పుడు మూడు రోజులు ఇంట్లో పొయ్యి వెలగలేదట. మామగారు ఎవరికీ చెప్పకుండా మోకరించి ప్రార్థన చేస్తుంటే, గుమ్మంలో ఎవరో సరుకుల మూట పెట్టి వెళ్లారట. ఆ కథ విని కళ్లు తుడుచుకోనివాళ్లు లేరు. అత్తగారు మంచం పట్టాక, ఒక మధ్యాహ్నం ఆవిడ తల దువ్వుతుంటే నాతో మెల్లగా చెప్పింది. "ఆ మూట పెరటి గోడ అవతలావిడ పెట్టింది. నేనే చెప్పానే. పిల్లలు ఏడుస్తుంటే ఎట్లా ఊరుకోను? మీ మామయ్యకి చెప్పకు, బాధపడతాడు." అప్పటికి మామగారు పోయి మూడేళ్లు. ఆవిడ ఇంకా ఆయన్ని బాధపెట్టకూడదనే చూస్తోంది. ఆ మూట దేవుడు పంపలేదని నేను ఎప్పుడూ అనుకోలేదు. అత్తగారి నోటి మీదుగా పంపాడనుకున్నాను. ఆయనకి అంతకంటే దగ్గర దారి ఏముంది?

ప్రతి శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. పాస్టరుగారు, పక్కవీధి టీచరమ్మ, నలుగురైదుగురు సంఘస్థులు, మరిది, తోడికోడలు. వాక్యం అయ్యాక అందరం కళ్లు మూసుకుని, ఒకరి తర్వాత ఒకరం పైకి ప్రార్థన చేస్తాం. ఎవరు ఏం చెప్పినా అది దేవుడితో చెప్పినట్టే. మధ్యలో ఆపకూడదు, తర్వాత అడగకూడదు. డాక్టరమ్మ ఆ మాట చెప్పిన వారం నా వంతు వచ్చింది. ఏం చెయ్యబోతున్నానో నాకు తెలుసు. ఆవేశంలో నోరు జారిందని ఇప్పుడు బుకాయించను.

"ప్రభువా, నీకు తెలియనిది కాదు. అయినా చెప్పుకుంటున్నాను. మా ఆయన రెండు కిడ్నీలూ పోయాయి. ఎనిమిది నెలలుగా హాస్పిటల్‌కి వెళ్తున్నది త్రాసులు బాగుచెయ్యడానికి కాదని నీకు తెలుసు. మెడ కింద గొట్టం ఉంది, ఆ బొత్తం అందుకే. ఆ గొట్టం పాడైతే ఇంకో దారి లేదంట. నేను ఇద్దామంటే నాది బి గ్రూపు. ఆయనది ఓ. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లయితే మేలన్నారు. ఎవరి లైసెన్సు మీద ఏ గ్రూపు రాసుందో నీకు తెలుసు ప్రభువా. నేను ఇంకేం చెప్పను. ఆమేన్."

నియమం తప్పలేదు. మనిషన్నవాడికి ఒక్క ముక్క చెప్పలేదు. కళ్లు కూడా మూసుకునే ఉన్నాను.

టీచరమ్మ ఒక్కతే "ఆమేన్" అంది, అదీ అలవాటు కొద్దీ. కళ్లు తెరిచేసరికి మరిది గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు పెడుతున్నాడు. ఎడమది కుడికాలికి తొడిగి, మళ్లీ తీసి, అలా తంటాలు పడుతున్నాడు. "బండి పక్కకి తియ్యాలి" అన్నాడు ఎవరితోనో. తోడికోడలు నా వైపు చూడకుండా అతని వెనకే వెళ్లింది. టీ గిన్నెలో టీ అలాగే ఉండిపోయింది.

అందరూ వెళ్లాక మా ఆయన కుర్చీలోంచి లేవలేదు. అరుస్తారనుకున్నాను. అరిచినా బాగుండేది.

"నువ్వు మాట్లాడింది దేవుడితో కాదు" అన్నారు. "దేవుణ్ణి అడ్డం పెట్టుకుని నా తమ్ముడి జేబులో చెయ్యి పెట్టావు."

ఆ మాట నిజం. అందుకే అంత కాలింది. "అవును, పెట్టాను. మీరు బతకాలి" అన్నాను. ఆ రాత్రి అన్నం ఇద్దరమూ తినలేదు.

మర్నాటి నుంచి సంఘం అంతా కదిలొచ్చింది. కదిలొచ్చినవాళ్లందరూ పళ్లు తెచ్చారు. అరటిపళ్లు, బత్తాయిలు, ఒకాయన కొబ్బరిబోండాల గెల ఏకంగా భుజాన వేసుకుని వచ్చాడు. అన్నీ ఆయన తినకూడనివే, తాగకూడనివే. తింటే గుండె ఆగిపోతుందని డాక్టరమ్మ చెప్పిన జాబితాలోంచి ఏరుకుని తెచ్చినట్టు ఉన్నాయి. పాస్టరుగారు వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, చాలా ప్రేమగా చేశారు. "ఇంత దాచుకున్నావా అన్నా" అని ఒక పెద్దాయన ఏడ్చాడు. మా ఆయన అందరికీ వందనాలు చెబుతూ, మింగలేక కక్కలేక కూర్చున్నారు.

రానిది మరిది ఒక్కడే. శుక్రవారం కూడికకి రాలేదు. ఆదివారం గుడిలో అతని కుర్చీ ఖాళీ. ప్రతి శనివారం పొద్దున మా గుమ్మం ముందు హారన్ కొట్టి వేడి రొట్టె ఒకటి ఇచ్చి వెళ్లేవాడు, అదీ ఆగిపోయింది. నేను బట్టల లాండ్రీలో కౌంటరు దగ్గర పనిచేస్తాను. తోడికోడలు రోజూ మా లాండ్రీ ముందు నుంచే పిల్లల్ని బడికి తీసుకెళ్తుంది. ఆ వారం నన్ను చూసి, పిల్లలిద్దరినీ రెక్క పట్టుకుని రోడ్డు దాటి అవతలి వైపు నడిచింది. నాకు కోపం రాలేదు. ఆమె స్థానంలో నేనున్నా అటువైపే నడుస్తాను.

రెండో శుక్రవారం కూడా గడిచింది. నేను చేసిన పనికి మా ఆయన ఒక్క తమ్ముడూ దూరమయ్యాడేమో అని భయం పట్టుకుంది. మొగుణ్ణి నిలబెట్టుకుందామని ఆయనకున్న ఆ ఒక్క రక్తసంబంధాన్నీ తెంపేశానేమో. దేవుడి ముందు కూర్చుంటే మాటలు రాలేదు. "నీకు తెలుసు కదా" అని మాత్రం అన్నాను, అది కూడా దెప్పిపొడుస్తున్నట్టు వచ్చింది.

సోమవారం పొద్దున డయాలసిస్‌కి వెళ్లాం. అక్కడ నాలుగు గంటలు మిషనుకి కట్టేసినట్టు ఉంటారు, లేచి వెళ్లిపోవడానికి ఉండదు. ఇంట్లో అయితే నేను ఒక మాట అనేసరికి ఆయన త్రాసు పట్టుకుని వరండాలోకి వెళ్లిపోతారు. అందుకే తాడో పేడో ఇక్కడే తేల్చుకుందామని స్టూలు దగ్గరికి లాక్కున్నాను.

"చూశావా" అన్నారాయనే ముందు. "రెండు వారాలు. అందుకే మనిషిని అడగొద్దన్నది."

"మీరు అడగలేదుగా. నేను అడిగాను, అదీ దొంగచాటుగా." గొంతు తగ్గిద్దామన్నా తగ్గలేదు. పక్క మంచం మీద ముసలాయన నిద్ర నటిస్తూ చెవి ఇటు పెట్టాడు. "ఒక సంగతి చెప్పనా? మీది విశ్వాసం అనుకుని ఇన్నేళ్లు భయపడ్డాను. దేవుణ్ణి అడిగితే ఆయన కాదన్నా మన చెవిన పడదు. ఆలస్యం అనుకుంటాం, పరీక్ష అనుకుంటాం, ఏదో ఒకటి అనుకుంటాం. మనిషి కాదంటే చెవిన పడుతుంది. అది వినలేక దేవుడి వెనకాల దాక్కున్నారు మీరు. డాక్టరు దగ్గరికి కూడా అందుకే రాలేదు నాతో, అప్పుడు."

ఆ చివరి మాట అంటాననుకోలేదు. అనేశాక వెనక్కి తీసుకోవాలనీ అనిపించలేదు.

ఆయన గొట్టంలో తిరుగుతున్న రక్తం వైపు మొహం తిప్పుకున్నారు. కళ్ల చివర తడి. ఇరవై ఆరేళ్లలో అది నేను చూడటం రెండోసారి, మొదటిది మామగారు పోయినప్పుడు.

"వాడు కాదంటే..." అని ఆగారు. "వాడు కాదంటే, ఆ తర్వాత వాడు నా తమ్ముడిలా నా ఇంటికి ఎట్లా వస్తాడు? నేనెట్లా చూస్తాను వాడి మొహం? అడగకపోతే వాడు మిగులుతాడనుకున్నా. నేను పోయినా వాడు నీకుంటాడనుకున్నా."

తిట్టడానికి సిద్ధమై వచ్చినదాన్ని, దుప్పటి సర్దుతూ కూర్చున్నాను.

అప్పుడే నర్సు గుమ్మం దగ్గర "ఒక్కరే ఉండాలి, ఒక్కరే" అని అడ్డం పడటం వినిపించింది. తలుపు దగ్గర మరిది. ఒంటి మీద ఫ్యాక్టరీ కోటు, మోచేతుల దాకా పిండి. ఖాళీ ట్రే ఒకటి చేతిలోనే ఉంది, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. రెండు వారాల్లో మనిషి సగమయ్యాడు. నేను లేచి నర్సుతో ఐదు నిమిషాలని బతిమాలాను. అతను వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాడు.

"అన్నయ్యా, నాకు ముందే తెలుసు."

మా ఆయన తల ఎత్తారు. "ఏం తెలుసు?"

"ఇదంతా. ఇక్కడి క్యాంటీనుకి రొట్టెలు దింపేది నేనే కదా. నువ్వు మొదలుపెట్టిన రెండో వారంలోనే ఆ అద్దంలోంచి చూశా. ఇక్కడి అటెండరుని అడిగి అంతా కనుక్కున్నా. నీ గ్రూపు కూడా."

"మరి ఎనిమిది నెలలు నోరెత్తలేదేం?" అన్నాను నేను. నా చేతిలో స్టీలు గ్లాసు ఉంది. విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది.

"ఎత్తితే ఇవ్వాల్సి వస్తుంది కదా వదినా" అన్నాడు. దాచుకోకుండా అన్నాడు. "రోజూ మోకాళ్ల మీద పడి ఒకటే ప్రార్థన చేశాను. అన్నయ్య నన్ను అడగకూడదు ప్రభువా అని. శుక్రవారం మీ ఇంటికి వచ్చి కూర్చుంటే గుండె దడదడలాడేది. అన్నయ్య అడగకుండానే లేచేవాడు. బయటికొచ్చి స్తోత్రం చెప్పుకునేవాణ్ణి. ముప్పై శుక్రవారాలు నా ప్రార్థన విన్నాడు దేవుడు. నాన్న పెట్టిన నియమం నాకు అంతగా నచ్చింది అప్పుడే."

గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. అన్నదమ్ములిద్దరూ ఒకే గదిలో, ఒకే దేవుడి ముందు, ఒకరికొకరు తెలియకుండా కళ్లు మూసుకుని కూర్చున్న ఆ శుక్రవారాలన్నీ గుర్తొచ్చాయి. అందరికీ టీ ఇచ్చింది నేనే.

"ఈ రెండు వారాలూ ఏం చేశావ్?" అన్నారు మా ఆయన.

"ఏం చేస్తాను? ప్రార్థన చేద్దామంటే ఏం అడగాలో తెలియలేదు. మా ఆవిడ వద్దని ఏడుస్తోంది. పిల్లలు చూస్తే చిన్నవాళ్లు. కోత కోశాక ట్రేలు ఎత్తగలనో లేదో, ఎత్తకపోతే ఫ్యాక్టరీవాళ్లు ఉంచుతారో లేదో. రోజూ ఈ మెట్ల దాకా వచ్చి రొట్టెలు దింపి పారిపోతున్నా."

మిషను ఒకసారి కూత పెట్టింది. నర్సు వచ్చి ఏదో మీట నొక్కి, మమ్మల్ని చూసి వెళ్లిపోయింది.

మా ఆయన దిండుని మోచేత్తో ఎగదోసుకుని నిటారుగా కూర్చోబోయారు. గొట్టం లాగింది. నేను పట్టుకోబోతే వద్దన్నారు.

"తమ్ముడూ" అన్నారు. "నాకు నీ కిడ్నీ ఒకటి కావాలి. ఇస్తావా?"

నేను ఆయన నోట 'కావాలి' అన్న మాట వినడం అదే మొదలు. మంచినీళ్లు కావాలన్నా "దాహంగా ఉంది" అని గాల్లోకి అనే మనిషి. చెవుల దాకా ఎర్రబడ్డారు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

"కాదంటే కాదనే చెప్పు" అన్నారు మళ్లీ. "మొహం మీదే చెప్పు, వింటాను. కానీ కాదన్నా సరే, శుక్రవారం మాత్రం రావాలి నువ్వు."

మరిది ట్రేని నేల మీద పెట్టాడు. కోటుకి చేతులు తుడుచుకున్నాడు.

"బుధవారం పరీక్షలకి వస్తాను" అన్నాడు. "సరిపోతుందో లేదో తెలీదు. సరిపోకూడదని ఇప్పటికీ ఒక మూల అనిపిస్తోంది, అబద్ధం ఎందుకు. కానీ వస్తాను. నాకు చాలా భయంగా ఉంది అన్నయ్యా. ఇది ఎవరికి చెప్పుకోను?"

మా ఆయన దుప్పటి కింద కాళ్లు ముడుచుకుని, మంచం మీద అతనికి చోటు చేశారు.

"కూర్చో" అన్నారు. "నాకు చెప్పు."